గోడ మీది కాలెండరు, చెట్టు కింద సర్వే

ఏటా మార్చి వచ్చేసరికి స్టాఫ్ రూములో నా కుర్చీ పక్కన స్పైరల్ బైండింగు రిపోర్టులు మోకాలెత్తు పేరుకుంటాయి. నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. కాలేజీ పేరు చెప్పను, కింద కొంచెం తిట్టాల్సిన పని ఉంది. 11 ఏళ్లుగా పిల్లల ప్రాజెక్టులకు గైడ్‌గా ఉంటున్నాను, ఒకటి రెండుసార్లు పోటీల్లో జడ్జిగా కూడా కూర్చున్నాను, కాబట్టి తిట్టులో నా వాటా నాకుంటుంది.

ఇప్పుడు అందరికీ ఇష్టమైన టాపిక్ సామాజిక మార్పు, సుస్థిర అభివృద్ధి. అట్ట ఆకుపచ్చ, దాని మీద రెండు చేతుల్లో చిన్న మొక్క, లోపల రెండో పేజీలో ఐక్యరాజ్యసమితి వాళ్ల 17 లక్ష్యాల రంగుల చక్రం. 2015లో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని 2030 నాటికి సాధిస్తామని ఒప్పుకున్న లక్ష్యాలవి. మావాళ్లు మాత్రం చక్రం అతికించగానే సాధించేస్తారు. చెప్పుల షాపుల మీద రిపోర్టు రాసిన ఒక కుర్రాడు సముద్ర జీవుల సంరక్షణ లక్ష్యానికి కూడా టిక్కు పెట్టాడు. ఇదేంట్రా అంటే "మన జిల్లాకి సముద్రం ఉంది కదండీ" అన్నాడు. మార్కులు వేయలేదు గానీ ఆ రోజంతా నవ్వుకున్నాను.

మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలు మొదటి ఏడాది అయ్యాక వేసవి సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చెయ్యాలి. 180 గంటలు, 4 క్రెడిట్లు. ఊళ్లోకి వెళ్లి ఇంటింటికీ తిరిగి సర్వే చెయ్యాలి, అవగాహన కార్యక్రమాలు పెట్టాలి, లాగ్ బుక్ రాయాలి, రిపోర్టు ఇవ్వాలి. ఆలోచన మంచిదే, నేను దానికి వ్యతిరేకిని కాదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో మా కోస్తా ఎండలో 180 గంటలు ఇల్లిల్లూ తిరగమంటే 18 ఏళ్ల పిల్లలు ఏం చేస్తారో అది చేస్తారు. వేపచెట్టు కింద నలుగురు కూర్చుని వంద ఫారాలు పంచుకుని నింపేస్తారు. మేం దాన్ని చెట్టు కింద సర్వే అంటాం. పట్టుకోవడం తేలిక. వంద ఇళ్లూ ఒకే నీలం పెన్నుతో మాట్లాడతాయి, ఏ ఇంట్లోనూ ముసలమ్మ విసుక్కోదు, ఎవరూ "తెలీదు" అనరు, "నీకెందుకమ్మా మా అప్పుల సంగతి" అని ఎవరూ అడగరు. నిజంగా తిరిగిన పిల్ల తెచ్చిన ఫారాల్లో కొట్టివేతలుంటాయి, పక్కన చిన్న అక్షరాలతో "ఆయన లేచాక మళ్లీ రమ్మన్నారు" అని ఉంటుంది, ఒక కాగితం మీద టీ మరక ఉంటుంది. నేను ముందు మరకలు చూస్తాను, తర్వాతే లెక్కలు.

జిరాక్సు షాపు సంగతి వేరే. కాలేజీ గేటు ఎదురుగా ఉన్న షాపులో పోయినేటి రిపోర్టు పేరు మార్చి ప్రింటు తీసి బైండింగుతో సహా ఇస్తారు. ఒకసారి మూడో పేజీలో "మన తమిళనాడు రాష్ట్రంలో" అని అలాగే ఉండిపోయింది. ఈ మధ్య చాట్‌జీపీటీ వచ్చాక ఆ పొరపాట్లు కూడా దొరకడం లేదు, భాష నున్నగా ఉంటోంది, అన్ని పేరాలూ ఒకే పొడవు. అలాంటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటే: "ఆ వీధిలో మొదటి ఇల్లు ఎవరిది?" వెళ్లినవాడు వెంటనే చెప్తాడు, కుక్క ఉందని కూడా చెప్తాడు. వెళ్లనివాడు సీలింగ్ ఫ్యాను కేసి చూస్తాడు.

ఇలా విసుగెత్తినప్పుడల్లా నాకు గుర్తొచ్చే మనిషి గిల్బర్ట్ స్లేటర్. మద్రాసు యూనివర్సిటీకి ఇంగ్లండు నుంచి ఎకనామిక్స్ ప్రొఫెసరుగా వచ్చి, 1916లో తన విద్యార్థులకు ఒక పని చెప్పాడు. సెలవులకు ఎలాగూ సొంతూళ్లకు వెళ్తున్నారుగా, మీ ఊరి లెక్క మీరే రాసుకురండి, ఎవరికి ఎంత భూమి, ఎవరికి ఎంత కూలి, ఎవరు ఏం తింటున్నారు అని. అంతే. వాళ్లు రాసినవే తర్వాత అచ్చయ్యాయి. 20 ఏళ్లకు, 1936 ప్రాంతంలో, అదే యూనివర్సిటీ వాళ్లు ఆ ఊళ్లకు మళ్లీ వెళ్లి ఏం మారిందో చూశారు. తమిళనాడులో ఇరువేల్‌పట్టు అనే ఊరికైతే ఆ తర్వాత కూడా పరిశోధకులు పదే పదే వెళ్తూనే ఉన్నారు. వందేళ్ల కిందటి కాలేజీ కుర్రాళ్లు రాసిన లెక్క ఇప్పటికీ పనికొస్తోందంటే కారణం వాళ్లు గొప్ప సిద్ధాంతాలు చేసి కాదు, సొంతూరు కాబట్టి అబద్ధం రాస్తే ఇంట్లోవాళ్లే నవ్వుతారు కనక అని నా అనుమానం. (దీనికి ఆధారం అడక్కండి, మా పిల్లల్ని చూసి చెప్తున్నాను.)

అందుకే నా దగ్గరికి ప్రాజెక్టు కోసం వచ్చేవాళ్లకు ఒకటే షరతు పెట్టాను. సైకిలు మీద వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలో ఉన్న విషయమే తీసుకోవాలి. వాతావరణ మార్పు వద్దు, మీ బోరులో నీళ్లు ఎందుకు ఉప్పగా అయ్యాయో చూడు. ఒక కుర్రాడు నిజంగానే అది పట్టుకున్నాడు, ఆన్‌లైన్లో చవగ్గా దొరికే టీడీఎస్ మీటరు కొనుక్కుని ఊళ్లో బోర్లన్నీ, క్యాన్ల నీళ్లు, కాలువ నీళ్లు అన్నీ ముంచి చూశాడు. కేంద్ర ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2000 దాకా సరిపెట్టుకోవచ్చు. వీడి ఊళ్లో కొన్ని బోర్లు అదీ దాటేశాయి. వెంటనే రిపోర్టులో "నీరు విషతుల్యమైంది" అని రాసుకొచ్చాడు. ఆ మాట మీద మేమిద్దరం వారం రోజులు కొట్టుకున్నాం. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చెప్తుంది, అవేం లవణాలో చెప్పదు, క్రిములు ఉన్నాయో లేదో అసలే చెప్పదు. చివరికి విషం పోయి "ఉప్పదనం పెరిగింది" అని మిగిలింది. వాడికి ఇప్పటికీ నా మీద కోపమే, హెడ్డింగు పోయిందని.

ఇక అసలు చెప్పాలనుకున్న సంగతి.

మూడేళ్ల డిగ్రీ మీద నాలుగో ఏడాది రీసెర్చ్ తీసుకునే వీలు కొత్త విద్యా విధానంలో వచ్చింది కదా, యూజీసీ లెక్క ప్రకారం మొదటి 6 సెమిస్టర్లలో 75 శాతం ఉంటే 12 క్రెడిట్ల డిసర్టేషన్, అంటే సొంత పరిశోధన వ్యాసం, రాయొచ్చు. 2024-25లో నా దగ్గరికి అలా ఒకమ్మాయి వచ్చింది. ఆక్వా చెరువుల మధ్య ఊరు వాళ్లది. టైటిల్ రాసుకొచ్చింది: "ఆక్వా కల్చర్ ద్వారా మహిళా సాధికారత". నేను "మీ అమ్మ ఏం చేస్తుందమ్మా?" అన్నాను. "రొయ్యల షెడ్డుకెళ్తదండి, తలలు తీయడానికి." "ముందు?" "ఊడ్పులకెళ్లేదండి." "మరి సాధికారత వచ్చిందా మీ అమ్మకి?" ఆ పిల్ల కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా ఇంకో సంగతి చెప్పింది. మొదటి ఏడాది వేసవి ప్రాజెక్టు తనూ ఆ ఊరి మీదే చేసిందట, చెట్టు కిందే నింపిందట, సొంతూరైనా. "తెలిసినవాళ్ల ఇంటికి ఫారం పట్టుకెళ్లాలంటే సిగ్గేసిందండి" అంది. పైన స్లేటర్ గురించి నేను చెప్పిన అనుమానానికి అక్కడే చిల్లు పడింది, అయినా ఆ వాక్యం తీసేయబుద్ధి కావడం లేదు.

మా వైపు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. డెల్టాలో సార్వా, దాళ్వా రెండు పంటలు, రెండు ఊడ్పులు, రెండు కోతలు. ఆడవాళ్ల కూలి చాలావరకు వీటి మీదే. కొల్లేరు చుట్టూ ముందు చేపల చెరువులు వచ్చాయి, తర్వాత రొయ్యలు, 2009లో వనామీ అనే రొయ్య రకం పెంపకానికి అనుమతి దొరికాక ఇంకా వేగం పెరిగింది. చేను తవ్వి చెరువు చేస్తే ఊడ్పు ఉండదు, కోత ఉండదు. చెరువు దగ్గర పని మగవాళ్లది, మేత చల్లడం, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకోవడం, రాత్రి కాపలా. ఆడవాళ్లకు మిగిలింది షెడ్డు. పొలం పోయింది కాబట్టి పని పోయిందని కొందరు, షెడ్డు వచ్చింది కాబట్టి ఏడాదంతా పని దొరికిందని కొందరు అంటారు. రెండూ సభల్లో విన్నాను. ఎవరి దగ్గరా లెక్క లేదు.

ఆ లెక్క వాళ్లింటి గోడ మీదే ఉంది. డిసెంబరులో బంగారం షాపువాళ్లో ఎరువుల కొట్టువాళ్లో ఉచితంగా ఇచ్చే కాలెండరు ఉంటుంది చూడండి, తిథులూ వర్జ్యాలూ ఉండేది, అందులో వాళ్లమ్మ షెడ్డుకెళ్లిన రోజు సున్నా చుడుతుంది, ఊడ్పుకో కోతకో వెళ్తే అడ్డగీత, పాలు పోయించుకున్నది చుక్క, డ్వాక్రా కిస్తీ కట్టిన రోజు మీద ఇంటూ. ఎందుకంటే మేస్త్రీ వారానికోసారి లెక్క చూస్తాడు, ఎన్ని రోజులొచ్చావు అనే దగ్గర గొడవలొస్తాయి. పిల్ల పుట్టినప్పటి నుంచి చూస్తున్న కాలెండరే, అది డేటా అని తనకు తట్టలేదు, నాకూ తట్టేది కాదు, ఒకరోజు మాటల్లో "అమ్మ సున్నాలు లెక్కేస్తే తెలుస్తదండి" అని తనే అనేసింది. నేను చేతిలో ఉన్న చాక్‌పీస్ పక్కన పెట్టేశాను.

వీధిలో 23 ఇళ్లు. అందరూ ఏదో ఒక గుర్తు పెడతారు, ఒకరికి సున్నా పని, ఇంకొకరికి సున్నా సెలవు. ఇల్లిల్లూ కూర్చుని గుర్తులకు అర్థం అడిగి, 12 పేజీలు ఫోటోలు తీసి, నెలవారీ రోజులు కూడింది. ఫారం పట్టుకెళ్లడానికి సిగ్గుపడ్డ పిల్ల, "అత్తా, మీ కాలెండరు ఒకసారి చూపించవా" అని అడగడానికి సిగ్గుపడలేదు. అందరూ మాట్లాడారు, అడగనివి కూడా చెప్పారు.

అందులో నాకు బాగా నచ్చిన ముక్క రోజుల సంఖ్య గురించి కాదు. రోజులైతే నిజంగానే షెడ్డు వల్ల కొన్ని ఇళ్లలో పెరిగాయి. ఒక పెద్దావిడ "రోజులు చూడకే, కౌంటు చూడు" అందట. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. 30 కౌంటు పెద్ద రొయ్య, 100 కౌంటు చిన్నది. కూలి కిలో లెక్కన ఇస్తారు. 100 కౌంటు సరుకొచ్చిన రోజు అదే కిలోకి మూడింతల పైగా తలలు తీయాలి, ఐసు నీళ్లలో వేళ్లు కొంకర్లు పోతాయి. పెద్ద సరుకు పడినప్పుడు చకచకా అయిపోయి ఇంటికొచ్చేస్తారు. అంటే కాలెండరు మీద ఒకేలా కనిపించే రెండు సున్నాల వెనక పని ఒకటి కాదు. ఆ పేరా చదివి నేను ఆ రాత్రి మా ఆయనకు చదివి వినిపించాను, ఆయన బ్యాంకులో పనిచేస్తాడు, ఆక్వా లోన్లు చూస్తాడు, కౌంటు అంటే రైతుకు వచ్చే రేటు అనే తప్ప ఇలా ఎప్పుడూ వినలేదన్నాడు.

రాయడం దగ్గర ఇంకో తంటా. 2021-22 నుంచి మా డిగ్రీలన్నీ ఇంగ్లీష్ మీడియమే కదా, రిపోర్టూ ఇంగ్లీషులోనే. నోటితో చెప్పేటప్పుడు ఐసు నీళ్లు, కొంకర్లు, మేస్త్రీ గొడవ అన్నీ ఉంటాయి, ఇంగ్లీషులోకి వెళ్లేసరికి "విమెన్ ఆర్ ఫేసింగ్ మెనీ ప్రాబ్లమ్స్" అయిపోతుంది. నేను ముందు తెలుగులో రాయమన్నాను, 40 పేజీలు నోటుబుక్కులో గబగబా రాసింది, తర్వాత ఇద్దరం కూర్చుని మార్చాం. రెట్టింపు పని. నాకు వర్క్‌లోడ్ లెక్కలో దీనికి ఒక్క గంట కూడా చూపించరు.

తర్వాత నేను చేసిన తప్పు. జిల్లాలో కాలేజీల మధ్య ఒక పోటీ జరిగింది, సామాజిక మార్పు, సుస్థిర అభివృద్ధి విభాగంలో ఉత్తమ ప్రాజెక్టుకు బహుమతి. వాళ్లిచ్చిన నమూనాలో చాప్టర్లు ఇవీ, ఫోటోలు అనుబంధంలో అని ఉంది. నేను పద్ధతి ప్రకారం కాలెండరు ఫోటోలన్నీ తీసి చివరికి నెట్టేశాను. ఆ పిల్ల "ముందు ఒక్కటైనా ఉంచుదామండీ" అంది. వద్దన్నాను, ఫార్మాట్ అన్నాను. పోటీ రోజు ముగ్గురు జడ్జీలూ అనుబంధం దాకా వెళ్లనే లేదు. ఒకాయన శాంపిల్ సైజు ఎంత అన్నారు. 23 అంది. "ఇరవై మూడా?" అని పక్కాయన కేసి చూసి నవ్వారు. చై స్క్వేర్ టెస్టు (శాంపిళ్ల మీద చేసే ఒక గణాంక పరీక్ష) ఎందుకు చేయలేదు అన్నారు. ఏ వీధిలోనైతే 23 ఇళ్లే ఉన్నాయో ఆ వీధిలో 23 ఇళ్లూ తిరిగాక అది శాంపిల్ ఎలా అవుతుందని వెనక వరసలో కూర్చున్న నేను లేచి అనొచ్చు. గైడ్లు మాట్లాడకూడదని ముందే చెప్పారు. మాట్లాడలేదు.

మొదటి బహుమతి ప్లాస్టిక్ నిషేధం మీద చేసినవాళ్లకు వచ్చింది. 500 ఫారాలు, రంగు రంగుల పై చార్టులు, నూటికి 90 మందికి పైగా ప్లాస్టిక్ హానికరమని ఒప్పుకున్నారు, ప్రజల్లో అవగాహన కల్పించాలి అని ముగింపు. వాళ్లకు మంచినీళ్లు ప్లాస్టిక్ గ్లాసుల్లోనే ఇచ్చారు స్టేజి మీద, అది వాళ్ల తప్పు కాదులెండి. పిల్లలు కష్టపడ్డారు, నాకు వాళ్ల మీద ఏమీ లేదు. అంతకు నాలుగేళ్ల ముందు ఇంకో పోటీలో ఇలాంటి ప్రాజెక్టుకే నేను జడ్జిగా మొదటి స్థానం ఇచ్చాను. చూడ్డానికి నీటుగా ఉంది, 15 నిమిషాల్లో అర్థమైంది, నాకు లంచ్ టైమైంది. ఆ రోజు ఎవరి అనుబంధం నేను తెరవలేదో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.

మా అమ్మాయికి పాల్గొన్నట్టు సర్టిఫికెట్ ఇచ్చారు. బస్సులో వస్తూ ఏడుస్తుందేమో అనుకున్నాను, కిటికీ పక్కన కూర్చుని పల్లీలు తింది.

ఏప్రిల్లో ఒక సాయంత్రం వాళ్ల వీధిలో, చర్చి ముందు సిమెంటు అరుగు మీద, ఆ రిపోర్టు తెలుగు ప్రతి చదివి వినిపించాం. ఇది నా ఐడియా అని చెప్పుకోవాలని ఉంది గానీ కాదు, ఆ పిల్లే "కాలెండర్లు ఇచ్చారు కదండీ, ఏం రాశానో చెప్పకపోతే బాగోదు" అంది. షెడ్డు నుంచి వచ్చి స్నానాలు చేసి కొంగులు సర్దుకుంటూ ఓ పాతికమంది కూర్చున్నారు. రెండో పేజీ దగ్గరే ఒకావిడ ఆపేసింది. "ఆటో డబ్బులు మా కూలిలోంచే పట్టుకుంటాడు, అది రాయలేదేంటే?" ఇంకొకావిడ, జూన్లో తన సున్నాలు తప్పు లెక్కేశారని, ఇంట్లోకి వెళ్లి కాలెండరు పట్టుకొచ్చింది. నిజమే, రెండు తగ్గాయి. అరగంటలో ఏడు దిద్దుబాట్లు వచ్చాయి. నేను చూసిన ఏ వైవాలోనూ, అంటే నోటి పరీక్షలోనూ, అంత గట్టి ప్రశ్నలు రాలేదు, నా పీహెచ్‌డీది కలిపి. ఒకావిడ మాత్రం చివరిదాకా ఏమీ అనలేదు, లేచేటప్పుడు "అన్నీ రాశావు గానీ చేతులు వాసన పోవని రాయలేదు" అని వెళ్లిపోయింది. అదీ చేర్చాం.

ఆ తర్వాత నుంచి మా డిపార్ట్‌మెంటులో ఇంటర్నల్ మార్కుల్లో 10, ఎవరి గురించి రాశారో వాళ్లకు చదివి వినిపించి, వాళ్లు చెప్పిన దిద్దుబాట్లు ఎర్ర ఇంకుతో చేసి తెచ్చినందుకు వేస్తున్నాను. ఈ మార్కులకు ఆన్‌లైన్ ఫారంలో కాలమ్ లేదు. వైవా కాలమ్‌లో కలిపేస్తున్నాం, మా డిపార్ట్‌మెంటు హెడ్డుకి తెలుసు, చూడనట్టు ఉంటారు. దిద్దుబాట్లు ఏమీ లేకుండా తెచ్చినవాళ్లకు సున్నా. పిల్లలకు ఇది అన్యాయంగా అనిపిస్తుంది, తప్పులు ఎక్కువ దొరికినవాడికి మార్కులెక్కువ ఏంటండీ అని.

ఈ జనవరిలో ఒక కుర్రాడు "అమెరికా సుంకాలు, ఆంధ్ర రొయ్యల ఎగుమతులు" అని టైటిల్ రాసుకొచ్చాడు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది కదా, దాని మీద పేపరు కటింగుల కట్ట తెచ్చాడు. నేను ఆ కట్ట పక్కన పెట్టి, పాత రిపోర్టు చేతికిచ్చి, "ఆ వీధికి వెళ్లి ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు పేజీలు చూసి రా" అన్నాను. వాడు వెళ్లిపోయాక గుర్తొచ్చింది, జనవరి కదా, కొత్త కాలెండరు వచ్చేసింది, పాతవి ఎవరుంచుతారు? మా ఇంట్లోది అప్పటికే వంటింటి అరలో డబ్బాల కింద పరిచేశాను.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేశాడు. "మేడం, 19 ఇళ్లలో ఉన్నాయండి. చుట్టచుట్టి రబ్బరు బ్యాండేసి బీరువా మీద పెట్టారు. ఆ అక్క దాచమని చెప్పిందంటండి."

"మిగతా నాలుగూ?"

"ఇద్దరు ఊళ్లో లేరండి. రెండిళ్లలో పిల్లల పుస్తకాలకు అట్టలేసేశారండి. విప్పి ఇస్తామన్నారు, పర్లేదులెండి అని వచ్చేశాను."

"పర్లేదేంట్రా? రేపు బ్రౌన్ షీట్లు కొనుక్కుని వెళ్లు, అట్టలు విప్పి ఫోటోలు తీసుకుని, కొత్తవి వేసి రా" అన్నాను.